కంప్యూటర్ సైన్స్ చదివి జెనరేటివ్ ఆర్ట్‌లో అకడమిక్ కెరీర్ కట్టుకోవడం ఎలా?

బీటెక్‌లో కంప్యూటర్ సైన్స్ చదువుతూ, కాస్త తీరిక దొరికితే కోడ్‌తో బొమ్మలు గీసే ప్రాసెసింగ్‌, పీ5.జేఎస్‌ లాంటి టూల్స్‌లో బొమ్మలు పుట్టిస్తూ కూర్చునే పిల్లలు ప్రతి కాలేజీలోనూ ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్ళు అడిగేది ఒకటే. దీన్నే వృత్తిగా చేసుకోవచ్చా? యూనివర్సిటీలో చేరి, ఇదే పరిశోధించి, ఇదే పాఠం చెప్పుకుంటూ బతకొచ్చా? బతకొచ్చు. అలా బతికినవాళ్ళు అరవై ఏళ్ళుగా ఉన్నారు. మీరూ ఆ దారిలో వెళ్ళాలనుకుంటే బీటెక్ రోజుల నుంచి మొదటి ఉద్యోగం దాకా ఎక్కడెక్కడ ఏం చేయాలో ఇక్కడ చెబుతాను.

జెనరేటివ్ ఆర్ట్ అంటే కళాకారుడు బొమ్మను నేరుగా గీయకుండా, బొమ్మను పుట్టించే నియమాలు రాసి, మిగతా పని ఆ నియమాలకే వదిలేయడం. ఈ రోజుల్లో ఆ పేరు వినగానే ప్రాంప్ట్ కొట్టి బొమ్మ తీసే ఏఐ టూల్స్ గుర్తొస్తాయి గానీ అవి ఇందులో ఒక భాగం మాత్రమే.

ముందుగా ఈ దారిలో ఉన్న అసలు చిక్కు తెలుసుకోండి. పీహెచ్‌డీ సీటు దగ్గరా, పేపర్ రివ్యూ దగ్గరా, ఉద్యోగం ఇంటర్వ్యూ దగ్గరా మీ పనిని తూకం వేసేవాళ్ళు దాదాపు ఎప్పుడూ ఒక వైపు వాళ్ళే ఉంటారు. కంప్యూటర్ సైన్స్ వాళ్ళు "ఇందులో కొత్త ఫలితం ఏముంది?" అంటారు. కళల వాళ్ళు "ఈ బొమ్మ ఎందుకు ఉండాలి?" అంటారు. ఒకరికి చెప్పిన జవాబు రెండోవాళ్ళకు సరిపోదు. కాబట్టి మీరు చేసే ప్రతి పెద్ద పనీ రెండు ఫలితాలు ఇవ్వాలి: గోడకు తగిలించదగిన బొమ్మ ఒకటి, బొమ్మ పక్కన లేకపోయినా నిలబడే పరిశోధన ఒకటి. కింద చెప్పేవన్నీ దీని కోసమే.

ముందు నడిచినవాళ్ళ పని మీ చేతులతో మళ్ళీ చేయండి

1965 ఫిబ్రవరిలో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో గేయోర్గ్ నీస్ కంప్యూటర్ గీసిన బొమ్మలతో ప్రదర్శన పెట్టాడు. ఆయన సీమెన్స్ కంపెనీలో పనిచేసే గణిత నేపథ్యం ఉన్న మనిషి. 1969లో స్టుట్‌గార్ట్‌లోనే తత్వవేత్త మాక్స్ బెన్సె దగ్గర జెనరేటివ్ కంప్యూటర్ గ్రాఫిక్స్ మీద పీహెచ్‌డీ పూర్తి చేశాడు. అదే ఊళ్ళో ఫ్రీడర్ నాకే అనే గణిత విద్యార్థి జూజె గ్రాఫోమాట్ ప్లాటర్‌తో (పెన్నుతో కాగితం మీద గీసే యంత్రం) బొమ్మలు గీయించాడు, 1967లో సంభావ్యతా సిద్ధాంతంలో పీహెచ్‌డీ తీసుకున్నాడు, 1972లో బ్రెమెన్ యూనివర్సిటీలో కంప్యూటర్ గ్రాఫిక్స్ ప్రొఫెసర్‌గా చేరాడు. మీరు అడిగే కెరీర్ ఏదో ఆయనది అచ్చంగా అదే. రెండో ఒడ్డు నుంచి వచ్చినవాడు హెరాల్డ్ కోహెన్. 1966లో వెనిస్ బియెనాలె అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో బ్రిటన్ తరఫున పాల్గొన్న పేరున్న చిత్రకారుడు. 1968లో శాన్ డియెగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి వెళ్ళి, అక్కడ ప్రోగ్రామింగ్ నేర్చుకుని, ఆరన్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రామ్‌ను 2016లో చనిపోయేదాకా మెరుగుపరుస్తూనే ఉన్నాడు.

వీళ్ళ గురించి చదివి ఊరుకోవద్దు. నీస్ గీయించిన 'షాటర్' అనే బొమ్మతో మొదలుపెట్టండి. అడ్డంగా 12, నిలువుగా 22 చతురస్రాలు. పై వరుస తీర్చినట్టు నేరుగా ఉంటుంది. కిందికి దిగేకొద్దీ ఒక్కో చతురస్రం కాస్త ఒరుగుతూ, కాస్త పక్కకు జరుగుతూ, చివరికి కుప్పగా పోసినట్టు అవుతుంది. రెండు ఫర్ లూపులు, ఒక రాండమ్ ఫంక్షన్ చాలు. గంటలో అయిపోతుంది. ఆ తర్వాతే అసలు పని. వరుస మారేకొద్దీ గందరగోళం సమానంగా పెరుగుతోందా? సమానంగా కాకుండా వర్గంలా పెంచితే కన్ను ఎక్కడ ఆగుతుంది? జరగడం తీసేసి ఒరగడం ఒక్కటే ఉంచితే ఏం పోతుంది? ఒక్కో మార్పుకు ఒక్కో ప్రింట్ తీసి గోడకు అంటించి చూడండి. స్క్రీన్ మీద కనిపించని తేడాలు కాగితం మీద కనిపిస్తాయి.

తర్వాత ఎ. మైకేల్ నోల్ చేసిన ప్రయోగం గురించి బాగా తెలుసుకోండి, ఎందుకంటే ఒకే పని రెండు ఫలితాలు ఇవ్వడం అంటే ఏమిటో దానికంటే తేటగా చూపించే ఉదాహరణ నాకు దొరకలేదు. నోల్ అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఇంజినీరు. పియెట్ మోండ్రియన్ 1917లో గీసిన ఒక చిత్రం ఉంది. వృత్తాకారంలో పరుచుకున్న చిన్న చిన్న నల్ల గీతలు, కొన్ని నిలువు, కొన్ని అడ్డం. 1964లో నోల్ అలాంటి అమరికనే యాదృచ్ఛిక సంఖ్యలతో కంప్యూటర్ చేత గీయించాడు. రెండింటి నకళ్ళూ ఒకే తీరులో తీయించి 100 మందికి చూపించి, ఏది కంప్యూటర్ గీసింది, మీకు ఏది నచ్చింది అని అడిగాడు. కంప్యూటర్ బొమ్మను సరిగ్గా గుర్తుపట్టినవాళ్ళు 28 శాతమే. 59 శాతం మందికి కంప్యూటర్ బొమ్మే ఎక్కువ నచ్చింది. 1965 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని హోవర్డ్ వైజ్ గ్యాలరీలో ఆయన బొమ్మలు ప్రదర్శనకు వెళ్ళాయి. 1966లో ఈ ప్రయోగం ఒక సైకాలజీ జర్నల్‌లో పేపర్‌గా వచ్చింది. బొమ్మ గ్యాలరీకీ ప్రయోగం జర్నల్‌కీ పోయాయి. అప్పటి కంప్యూటర్ ఇప్పుడు మ్యూజియంలో కూడా దొరకడం కష్టం, కానీ ఆయన వేసిన ప్రశ్నను ఏఐ బొమ్మల మీద ఈ రోజుకీ మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు.

టూల్ వెనక కాకుండా ప్రశ్న వెనక వెళ్ళండి

2014లో గ్యాన్‌లు, అంటే చూసిన బొమ్మల నుంచి నేర్చుకుని కొత్తవి పుట్టించే న్యూరల్ నెట్‌వర్క్‌లు, వచ్చాయి. 2017లో రట్‌గర్స్ యూనివర్సిటీలో అహ్మద్ ఎల్‌గమ్మాల్ బృందం వాటిని మార్చి, తెలిసిన శైలుల నుంచి పక్కకు జరిగేలా బొమ్మలు పుట్టించే పద్ధతి ప్రచురించింది. 2022కల్లా ప్రాంప్ట్ టూల్స్‌లో చాలావాటి వెనక ఉండే డిఫ్యూజన్ మోడళ్ళు వచ్చి అందరి చూపూ అటు తిరిగింది. పీహెచ్‌డీకి నాలుగైదేళ్ళు పడుతుంది. టూల్ పేరే థీసిస్ అంశంగా పెట్టుకుంటే, డిఫెన్స్ నాటికి ఆ టూల్ పాతబడిపోతుంది. "డిఫ్యూజన్‌తో కళ" అనేది అంశం కాదు. "శైలి మారిందని చూసేవాళ్ళకు ఎప్పుడు అనిపిస్తుంది, దాన్ని కొలవగలమా?" అనేది అంశం. టూల్ మారినా అది బతుకుతుంది.

ప్రశ్న ఎక్కడ వెతకాలి? మన వాకిట్లోనే ఒకటి ఉంది, దాన్ని కాస్త వివరంగా చూద్దాం. 1970లలోనే తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి, కమలా కృతివాసన్ కలిసి తమిళుల కోలాలను, అంటే ముగ్గులను, ఫార్మల్ లాంగ్వేజ్ సిద్ధాంతంతో (గుర్తుల అమరికలను వ్యాకరణ నియమాలతో పుట్టించే గణితం) చదివారు. ముగ్గును రెండు దిక్కుల్లో పెరిగే వ్యాకరణంగా రాయొచ్చని చూపిస్తూ 1974లో కంప్యూటర్ గ్రాఫిక్స్ జర్నల్‌లో పేపర్ వేశారు. వాళ్ళకు ముగ్గు అలంకారం కాదు, కంప్యూటర్ సైన్స్‌కే కొత్త సమస్య ఇచ్చిన వస్తువు.

మన మెలికల ముగ్గు తీసుకోండి. నిలువు వరుసలూ అడ్డ వరుసలూ సమంగా చుక్కలు పెట్టి, ప్రతి రెండు పక్క చుక్కల మధ్య సందులోనూ గీతలు ఒకదాన్నొకటి దాటేలా, అంచులో వెనక్కి మళ్ళేలా అల్లుకుంటూ పోతే, మొత్తం ఎన్ని విడి గీతలతో ముగ్గు పూర్తవుతుంది? వరుసల సంఖ్యకూ, వరుసలోని చుక్కల సంఖ్యకూ ఉన్న గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో అన్ని. 5 వరుసలు, 4 చుక్కలైతే చేయి ఎత్తకుండా ఒకే గీత. 6 వరుసలు, 4 చుక్కలైతే రెండు గీతలు. 4 వరుసలు, 4 చుక్కలైతే నాలుగు.

ఇప్పుడు ఒక్కో సందులో రెండు దారులు ఇవ్వండి. గీతలు దాటొచ్చు, లేదా దాటకుండా ఎవరి చుక్క వైపు వాళ్ళు మళ్ళొచ్చు. 4×4 ముగ్గులో లోపలి సందులు 24. అంటే 2ను 24 సార్లు గుణిస్తే వచ్చే 1,67,77,216 ముగ్గులు. 5×5లో సందులు 40, ముగ్గులు లక్ష కోట్లకు పైనే. వీటిలో ఒకే గీతతో పూర్తయ్యేవి ఏవి? రెండు వేరు వేరు గీతలు కలిసే సందులో దాటడం ఆపేస్తే ఆ రెండూ ఒకటైపోతాయి. కాబట్టి 4×4లోని నాలుగు గీతలను సరిగ్గా ఎంచిన మూడు సందులతో ఒక్క గీతగా మార్చొచ్చు. అలా సరిగ్గా కలిపే మూడు సందులు ఏవి ఎంచినా గీత ఒకటే, కానీ ముగ్గు అందం ఒకటి కాదు. అక్కడ మీకు పరిశోధన మొదలవుతుంది. ఒకే గీత, సౌష్ఠవం, రెండూ ఉన్న ముగ్గులను వేగంగా వెతికే అల్గారిథమ్ ఏది? సంక్రాంతి నెలంతా రోజూ ముగ్గు పెట్టే ఆడవాళ్ళు వాటిలో వేటిని మంచి ముగ్గు అంటారు, ఎందుకు? మొదటి ప్రశ్నకు జవాబు కంప్యూటర్ సైన్స్ పేపర్. రెండో దానికి జవాబు డిజైన్ పరిశోధన. నేల మీద సుద్దతో గీసే చిన్న రోబోనో, గోడంత ప్రింటో పెడితే ప్రదర్శన. "7 చుక్కలు, సందు చుక్క 4 వచ్చేవరకు" అని పుస్తకాల్లో రాసే లెక్క దగ్గరికి వచ్చేసరికి అంచు ఆకారం మారి, పైన చెప్పిన సూత్రం పనిచేయదు. అది మీరు తేల్చుకోవాల్సిన తర్వాతి సమస్య.

ముగ్గే అవసరం లేదు. పోచంపల్లి ఇక్కత్‌లో నూలును నేయకముందే కట్లు కట్టి రంగులద్దుతారు, అందుకే అంచులు మసకబారినట్టు వస్తాయి. ఆ అనిశ్చితిని లెక్కల్లో పెట్టగలమా అన్నదీ మంచి ప్రశ్నే. అయితే ఇలాంటి పనికి దిగేముందు ఒక మాట. ఆ కళ చేసేవాళ్ళను డేటాగా చూడొద్దు. వాళ్ళ దగ్గర కూర్చోండి, వాళ్ళ సమయానికి డబ్బు ఇవ్వండి, ఫోటోలు వాడుకునే ముందు అడగండి, పేపర్‌లో వాళ్ళు ఒప్పుకుంటే పేరు వేయండి. మనుషులతో సర్వే చేసేదుంటే మీ సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి. డేటా సేకరించాక అనుమతి అడిగితే ఇవ్వరు, అది లేకుండా మంచి జర్నళ్ళు వేసుకోవు.

నేర్చుకోవాల్సినవి

గణితంలో లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా ఉండాలి. కోడ్‌లో పీ5.జేఎస్‌తో మొదలుపెట్టి, షేడర్లు (గ్రాఫిక్స్ కార్డ్ మీద నేరుగా నడిచే చిన్న ప్రోగ్రామ్‌లు) రాయడం దాకా వెళ్ళండి. ఆ పైన పైథాన్, పైటార్చ్ మీ బీటెక్‌లో ఎలాగూ వస్తాయి. ప్రాసెసింగ్‌ను 2001లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో కేసీ రీస్, బెన్ ఫ్రై అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారని గుర్తుంచుకోండి. రీస్ ఇప్పుడు లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ప్రొఫెసర్. ఇతరులు వాడే టూల్ రాయడం కూడా ఈ రంగంలో పరిశోధనే.

ఒక్క అభ్యాసం మాత్రం తప్పకుండా చేయండి. పీ5.జేఎస్‌లో నాయిస్ అనే ఫంక్షన్ వాడకుండా, దాన్ని మీరే మొదటి నుంచీ రాయండి. రాండమ్ ఇచ్చే అంకెలకు ఒకదానితో ఒకటికి సంబంధం ఉండదు. నాయిస్‌లో పక్కపక్క చోట్ల అంకెలు దగ్గరగా ఉంటాయి, అందుకే మేఘాలూ, కొండలూ, చెక్క చారలూ వస్తాయి. కెన్ పెర్లిన్ దాన్ని 1985లో సిగ్రాఫ్‌ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ కాన్ఫరెన్స్‌లో ప్రచురించాడు, 1997లో దానికి సాంకేతిక విభాగంలో ఆస్కార్ వచ్చింది. ఆయన న్యూయార్క్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్. నాయిస్‌ను మీ చేత్తో రాస్తే, కళాకారులు రోజూ వాడే ఒక వస్తువు లోపల ఎంత గణితం దాగి ఉందో తెలుస్తుంది.

కళ వైపు కూడా ఇంతే శ్రద్ధ కావాలి. దగ్గర్లోని ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో వారాంతం డ్రాయింగ్ క్లాసులో చేరండి. హైదరాబాద్‌లో అయితే మాసబ్ ట్యాంక్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలోనూ, సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్‌లోనూ విద్యార్థుల వార్షిక ప్రదర్శనలు జరుగుతుంటాయి, వెళ్ళి చూడండి. ఒక బొమ్మ ముందు పావుగంట నిలబడి ఏం కనిపిస్తోందో రాయడం అలవాటు చేసుకోండి. మన ఇంజినీరింగ్ పిల్లల్లో ఎక్కువమందికి ఈ ఒక్కటే కొరత. కోడ్ బాగా రాస్తారు, బొమ్మ గురించి రెండు పేరాలు రాయమంటే తడబడతారు.

పీహెచ్‌డీ ఏ తలుపు నుంచి?

ఇక్కడ నిదానంగా ఆలోచించండి, ఎందుకంటే పదేళ్ళ తర్వాత మీరు ఏ డిపార్ట్‌మెంట్ ఉద్యోగానికి అర్హులో ఇప్పుడే తేలిపోతుంది.

మొదటి తలుపు, కంప్యూటర్ సైన్స్ పీహెచ్‌డీ. గ్రాఫిక్స్, కంప్యూటర్ విజన్, హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్, మెషిన్ లెర్నింగ్, వీటిలో ఒకటి మీ ఇల్లు అవుతుంది, కళ మీ సమస్యలు వచ్చే చోటు అవుతుంది. అమెరికాలో సీఎస్ పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు మాఫీ, స్టైపెండ్ ఉంటాయి. అప్పు చేయలేని ఇళ్ళ పిల్లలకు ఇది పెద్ద విషయం. ఆరన్ హెర్ట్‌జ్‌మన్ 1998లో వంపు తిరిగిన కుంచె గీతలతో ఫోటోను పెయింటింగ్‌లా మార్చే అల్గారిథమ్ సిగ్రాఫ్‌లో ప్రచురించింది కంప్యూటర్ సైన్స్ విద్యార్థిగానే. కళ యంత్రాలు చేయగలవా అన్న దాని మీద ఆయన తర్వాత రాసిన వ్యాసాలు కూడా ఈ రంగంలో అందరూ చదువుతారు.

రెండోది, పేరులోనే రెండూ ఉన్న ప్రోగ్రామ్‌లు. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో మీడియా ఆర్ట్స్ అండ్ టెక్నాలజీ, ఎంఐటీ మీడియా ల్యాబ్, శాంటా క్రజ్‌లో కంప్యుటేషనల్ మీడియా ఇలాంటివి. సీట్లు తక్కువ, పోర్ట్‌ఫోలియో చూస్తారు.

మూడోది, ప్రాక్టీస్ ఆధారిత పీహెచ్‌డీ. లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్, మెల్‌బోర్న్‌లో మోనాష్ యూనివర్సిటీ సెన్సీల్యాబ్ వంటి చోట్ల కళాకృతీ థీసిస్‌లో భాగమే, దానికి తోడు రాత ఉంటుంది. సిడ్నీలో ఎర్నెస్ట్ ఎడ్మండ్స్ ఈ పద్ధతిని ఏళ్ళ తరబడి కట్టుదిట్టం చేశారు. కళాకారుడిగా ఎదగాలనుకునేవాళ్ళకు ఇదే సరైనది, కానీ స్కాలర్‌షిప్ చేతిలోకి వచ్చాకే టికెట్ కొనండి. ఎంఎఫ్‌ఏ (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) విషయంలోనూ ఇంతే. అమెరికాలో స్టూడియో ఆర్ట్ చెప్పడానికి అదే చివరి డిగ్రీ, అయితే చాలా చోట్ల ఖర్చు మన మీదే పడుతుంది.

ఇండియాలో ఉండాలనుకుంటే ఐఐటీ బాంబే డిజైన్ స్కూల్ ఐడీసీ (1969 నుంచి ఉంది), ఐఐటీ గువాహటి, కందిలోని ఐఐటీ హైదరాబాద్ డిజైన్ విభాగం చూడండి. ఎం.డెస్‌కు (డిజైన్‌లో మాస్టర్స్) సీడ్ పరీక్ష రాయాలి, బీటెక్ వాళ్ళు రాయొచ్చు. విజన్, గ్రాఫిక్స్ వైపు గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో సీవీఐటీ అనే పరిశోధనా కేంద్రం ఉంది. నెట్ పరీక్షతో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తర్వాత సీనియర్ ఫెలో (ఎస్‌ఆర్‌ఎఫ్‌)గా 42,000, ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) అదనం. ఇంట్లో టెన్షన్ పడేవాళ్ళకు ఈ అంకెలు చూపించండి.

ఒక జాగ్రత్త. మన దగ్గర ఉద్యోగ ప్రకటనలు "సంబంధిత విభాగంలో డిగ్రీ" అని అడుగుతాయి. యూజీసీ నెట్‌లో కంప్యూటర్ సైన్స్ వేరు, విజువల్ ఆర్ట్స్ వేరు. బీటెక్ సీఎస్ఈ చేసి డిజైన్‌లో పీహెచ్‌డీ చేస్తే, సీఎస్ఈ డిపార్ట్‌మెంట్ స్క్రూటినీలోనే మీ అప్లికేషన్ పక్కన పెట్టొచ్చు. మీరు పనిచేయాలనుకునే నాలుగైదు చోట్ల పాత ప్రకటనలు తెరిచి, అర్హతల పేరా చదివి, ఆ తర్వాతే తలుపు ఎంచుకోండి. నన్ను అడిగితే, మన పరిస్థితుల్లో ఎక్కువమందికి కంప్యూటర్ సైన్స్ పీహెచ్‌డీ తీసుకుని, కో-గైడ్‌గా డిజైన్ నుంచో ఆర్ట్స్ నుంచో ఒకరిని పెట్టుకోవడమే భద్రం.

గైడ్‌కు మెయిల్ రాసేటప్పుడు పొగడ్తలు వద్దు. ఆయనో ఆవిడో రాసిన ఒక పేపర్‌ను మీరు కోడ్‌లో మళ్ళీ కట్టి, ఎక్కడ పనిచేయలేదో, ఎక్కడ ఇంకో దారి కనిపించిందో నాలుగు వాక్యాల్లో చెప్పి, రెండు బొమ్మల లింక్ పెట్టండి. గైడ్ ఒప్పుకునే ముందు మీరు కూడా ఒకటి కనుక్కోవాలి: వాళ్ళ పాత విద్యార్థులు ప్రదర్శనల్లో పాల్గొన్నారా? ఆ సమయాన్ని పనిగా లెక్కపెట్టారా, తీరిక వేళల సరదాగా చూశారా? నేరుగా ఆ విద్యార్థులనే అడగండి.

ఎక్కడ ప్రచురించాలి

ఒకే పనిని ముక్కలు చేసి వేరు వేరు చోట్లకు పంపడం ఇక్కడ తప్పు కాదు, ముక్కలు నిజంగా వేరు వేరు ప్రశ్నలకు జవాబులైతే. అల్గారిథమ్ బలంగా ఉంటే గ్రాఫిక్స్ కాన్ఫరెన్సులు. సిగ్రాఫ్‌లో టెక్నికల్ పేపర్లతో పాటు ఆర్ట్ పేపర్లకు విడిగా విభాగం ఉంది. సృజనాత్మకతను లెక్కకు అందేలా చేయడం గురించైతే 2010లో మొదలైన ఐసీసీసీ కాన్ఫరెన్స్. జీవపరిణామంలా తరం తరానికి మెరుగైనవాటిని ఎంచుకుంటూ పోయే ఎవల్యూషనరీ పద్ధతులైతే యూరప్‌లో జరిగే ఎవోమ్యూజార్ట్. మనుషులతో చేసిన అధ్యయనమైతే క్రియేటివిటీ అండ్ కాగ్నిషన్. గణితం, కళ కలిసిన పని అయితే 1998 నుంచి జరుగుతున్న బ్రిడ్జెస్. దాని పేపర్లన్నీ ఉచితంగా చదువుకోవచ్చు, పక్కనే జ్యూరీ ఎంపిక చేసే ఆర్ట్ ప్రదర్శన కూడా ఉంటుంది. ముగ్గు లాంటి పనితో మొదటి పేపర్ వేయడానికి విద్యార్థులకు నేను ముందు చెప్పేది ఇదే. జర్నళ్ళలో 1968లో మొదలైన లియొనార్డో ఈ రంగానికి పాత ఇల్లు.

ఇండియాలో చేరబోయే ఉద్యోగానికి స్కోపస్ (పరిశోధనా పేపర్ల డేటాబేస్) లెక్కలు ముఖ్యం కాబట్టి, పంపే ముందు ఆ ఏడాది ప్రొసీడింగ్స్ ఎక్కడ ఇండెక్స్ అవుతాయో కాన్ఫరెన్స్ పేజీలో చూసుకోండి. డబ్బు కట్టించుకుని వారంలో ఒప్పేసుకునే జర్నళ్ళ జోలికి వెళ్ళొద్దు, సీవీలో ఒక్కటి కనిపించినా బయటి పరీక్షకుడి కళ్ళు దాని మీదే ఆగుతాయి.

పేపర్ రాసేటప్పుడు "అందమైన ఫలితాలు వచ్చాయి" అని ఎక్కడా రాయకండి. ఎవరికి అందంగా అనిపించింది, దేనితో పోల్చి, ఎంతమందికి చూపించి? లేదా కొలవకుండా వాదించదలిస్తే, ఏ కళా సంప్రదాయం ముందు నిలబడి వాదిస్తున్నారో చెప్పండి. రెండూ పద్ధతులే. ఏదీ చెప్పకుండా బొమ్మలు అతికిస్తే రెండు వైపుల రివ్యూయర్లూ తిప్పి పంపుతారు.

మొదటి రోజు నుంచీ దాచుకోండి

ప్రోగ్రామ్ మళ్ళీ నడిపితే అదే బొమ్మ రాదు. అందుకని రాండమ్ సీడ్‌ను, నాయిస్ సీడ్‌ను (యాదృచ్ఛిక అంకెల వరుసను నిర్ణయించే మొదటి అంకె) మీరే ఇచ్చి, ఆ అంకెను బొమ్మ ఫైల్ పేరులోనే పెట్టండి. ఆ పేరులోనే తేదీ, గిట్ కమిట్ గుర్తులో (కోడ్ ఏ వెర్షనో చెప్పేది) మొదటి ఏడు అక్షరాలు కూడా ఉంటే, ఆరేళ్ళ తర్వాత ఎవరైనా పెద్ద సైజు ప్రింట్ అడిగినా అదే బొమ్మ తీసివ్వగలరు. లైబ్రరీ వెర్షన్లు రాసి ఉంచండి. ప్రదర్శనకు వెళ్ళిన ప్రతి కోడ్‌నూ జెనోడో అనే ఆన్‌లైన్ ఆర్కైవ్‌లో పెడితే డీఓఐ అనే శాశ్వత గుర్తింపు నంబర్ వస్తుంది, దాన్ని సీవీలో పేపర్ లాగే ఉదహరించొచ్చు. మోడల్‌కు శిక్షణ ఇచ్చి ఉంటే ఏ బొమ్మలతో ఇచ్చారో, వాటి హక్కులు ఎవరివో ఒక పేజీ రాసుకోండి. ఈ ప్రశ్న ఇప్పుడు ప్రతి జ్యూరీలోనూ వస్తుంది.

ప్రదర్శన జరిగిన రోజే ఆహ్వానపత్రం, క్యూరేటర్ రాసిన మాట, గోడ మీద బొమ్మ ఫోటో, వచ్చినవాళ్ళు బొమ్మ ముందు ఎలా ప్రవర్తించారో మీ నోట్సు, అన్నీ ఒక ఫోల్డర్‌లో వేయండి. బ్రిటన్‌లో యూనివర్సిటీల పరిశోధనను తూచే ఆర్‌ఈఎఫ్ అంచనాల్లో ప్రదర్శన కూడా పరిశోధనా ఫలితంగా లెక్కకు వస్తుంది, దాని వెనక ప్రశ్న, పద్ధతి రాసి చూపించగలిగితే. ఆస్ట్రేలియా జాతీయ అంచనాల్లోనూ అలాగే లెక్కకు వచ్చేది. ఆ రాత అప్పటికప్పుడు గుర్తు తెచ్చుకుని రాయాలంటే రాదు.

ఉద్యోగం, పాఠం

ప్రకటనల్లో "జెనరేటివ్ ఆర్ట్ ప్రొఫెసర్" అని వెతికితే దాదాపు ఏమీ దొరకవు. కంప్యుటేషనల్ మీడియా, క్రియేటివ్ టెక్నాలజీస్, ఇంటరాక్షన్ డిజైన్, గ్రాఫిక్స్, డిజిటల్ హ్యుమానిటీస్ అని వెతకండి. రెండు సీవీలు ఉంచుకోండి. సీఎస్ డిపార్ట్‌మెంట్‌కు వెళ్ళేదానిలో పేపర్లు ముందు, ప్రదర్శనలు తర్వాత. ఆర్ట్ స్కూల్‌కు వెళ్ళేదానిలో తిరగేయండి. అబద్ధం ఒక్కటీ చేర్చకుండా క్రమం మాత్రమే మార్చాలి. జాబ్ టాక్‌లో మొదటి రెండు నిమిషాలు ఒకే బొమ్మ చూపించి, ఆ బొమ్మ ఏ ప్రశ్న లేవనెత్తిందో చెప్పండి. మధ్యలో ఒక సిద్ధాంతం లేదా ప్రయోగం పూర్తిగా, దాటవేయకుండా. చివర మీరు మొదటి మూడేళ్ళలో చేయబోయేది, అందులో ఎంత డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో.

చేరిన మొదటి సెమిస్టర్‌లోనే కొత్త కోర్సు అడిగితే బోర్డ్ ఆఫ్ స్టడీస్ దాకా వెళ్ళి ఆగిపోవచ్చు. ఉన్న కంప్యూటర్ గ్రాఫిక్స్ సబ్జెక్ట్ తీసుకుని ల్యాబ్ మార్చండి, అది మీ చేతిలోనే ఉంటుంది. మొదటి వారం 'షాటర్', నాలుగో వారం నాయిస్, ఎనిమిదో వారం మెలికల ముగ్గు, చివరి నాలుగు వారాలు సొంత పని. వైవాలో ప్రతి విద్యార్థినీ రెండే అడగండి: ఈ బొమ్మలో ఏ నియమం తీసేస్తే ఇది కూలిపోతుంది, నువ్వు పారేసిన బొమ్మలు ఏవి, ఎందుకు. సెమిస్టర్ చివర కారిడార్‌లో ప్రింట్లు పెట్టి, పక్క డిపార్ట్‌మెంట్ల వాళ్ళను, ఊళ్ళో ఉన్న చిత్రకారులను పిలవండి. ఎలక్టివ్ ప్రతిపాదన పెట్టేటప్పుడు ఆ ప్రదర్శన ఫోటోలు, విద్యార్థుల ఫీడ్‌బ్యాక్, అందులోంచి ఏదైనా పేపర్ వచ్చుంటే అదీ జతచేసి పంపండి.